ఆడేవాళ్ళ ప్రశ్నలు: బీటా ఎన్నాళ్ళు నడపాలి?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా బీటాల గురించే ఉన్నాయి. బీటా అంటే ఆటను విడుదలకు ముందు బయటి ఆటగాళ్ళ చేత ఆడించి తప్పులు పట్టే దశ. పిలిచినవారికే తెరిస్తే క్లోజ్డ్ బీటా, అందరికీ తెరిస్తే ఓపెన్ బీటా. వాటిలో ఒకటి ఆట తయారు చేస్తున్నవారిది, ఒకటి ఆడుతున్న అబ్బాయి తల్లిది, మరి రెండు ఆటగాళ్ళవి. హైదరాబాదులో పదకొండేళ్ళు ఆటలను పరీక్షించే ఉద్యోగం చేసినదాన్ని కాబట్టి ఈ విషయం దగ్గర నాకు మాట ఆగదు. మిగతా ప్రశ్నలకు వచ్చే నెల జవాబు రాస్తాను.

ప్రశ్న: నమస్కారం మేడమ్. మేము పద్దెనిమిది మందిమి కలిసి మూడేళ్ళుగా ఫోన్ల కోసం ఒక మల్టీప్లేయర్ ఆట తయారు చేస్తున్నాం. ఒక్కో మ్యాచ్‌లో 60 మంది ఒక దీవిలో దిగుతారు. మ్యాచ్ బయట ఒక సంత ఉంటుంది. ఆటగాళ్ళు తమకు దొరికిన వస్తువులను అక్కడ ఒకరికొకరు అమ్ముకోవచ్చు. దసరాకు విడుదల చేయాలనుకున్నాం. పెట్టుబడి పెట్టినవారు 'రెండు వారాల బీటా చాలు, పెద్ద కంపెనీలు కూడా అంతే చేస్తున్నాయి' అంటున్నారు. మా ప్రోగ్రామర్లు ఆరు నెలలు కావాలంటున్నారు. ఎవరి మాట సరైనది? — ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: తమ్ముడూ, మీ పెట్టుబడిదారు చెప్పినదాంట్లో కొంత నిజం ఉంది. 2021లో బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా జూన్ 17న బీటాగా వచ్చి జూలై 2న ఆండ్రాయిడ్ ఫోన్లలో పూర్తిగా విడుదలైంది. లెక్క వేస్తే పదిహేను రోజులు. ఆట నిలబడింది కూడా. కానీ ఆ పదిహేను రోజుల వెనుక ఏముందో కూడా ఆయనకు చెప్పండి. అది 2018 నుంచి కోట్ల మంది ఆడుతూ వచ్చిన పబ్‌జీ మొబైల్‌కు మన దేశం కోసం చేసిన రూపం. తుపాకీ గురి, పారాషూట్, ఒకే మైదానంలో వంద మంది భారం, అన్నీ మూడేళ్ళుగా రోజూ పరీక్షకు నిలిచినవే. కొత్తగా చూడవలసినవి లాగిన్, పాత ఖాతాల బదిలీ, మన దేశం కోసం చేసిన మార్పులు. వాటికి రెండు వారాలు చాలు. మీ ఆటను ఇంతవరకు మీ పద్దెనిమిది మందే ఆడారు.

పూర్తిగా కొత్త ఆటకు రెండు వారాలు ఇస్తే ఏమవుతుందో తెలుసుకోవడానికి కూడా అదే సంవత్సరం ఉదాహరణ ఉంది. అమెజాన్ తీసిన న్యూ వరల్డ్‌కు క్లోజ్డ్ బీటా 2021 జూలై 20 నుంచి ఆగస్టు 2 వరకు జరిగింది. సరిగ్గా పద్నాలుగు రోజులు. ఆగస్టు 31న రావలసిన ఆటను ఆ బీటా తర్వాత సెప్టెంబరు 28కి వాయిదా వేశారు. ఆ నిర్ణయాన్ని నేను మెచ్చుకుంటాను, చాలామందికి ఆ ధైర్యం ఉండదు. విడుదలయ్యాక, కంప్యూటరు ఆటలు అమ్మే స్టీమ్ అనే ఆన్‌లైన్ అంగడి ద్వారా ఒకే సమయంలో 9 లక్షల మందికి పైగా వచ్చిపడ్డారు. ఒక్కో సర్వరులో సుమారు రెండు వేల మందికే చోటు. మిగిలినవారు తిరుమల కంపార్టుమెంట్లలో కూర్చున్నట్టు గంటల తరబడి వరుసలో ఉండిపోయారు. అది మొదటి వారాల కష్టం, సర్వర్లు పెంచి తీర్చగలిగారు. అసలు దెబ్బ విడుదలై నెల దాటాక, నవంబరులో తగిలింది. ఆటలోని బంగారాన్ని నకలు చేసుకునే మార్గాలు బయటపడ్డాయి. ఆటగాళ్ళ మధ్య అమ్మకాలు, ఇచ్చిపుచ్చుకోవడాలు అన్నీ కొన్నాళ్ళు నిలిపివేయవలసి వచ్చింది.

మీ ఆటలో సంత ఉంది కాబట్టే ఇంత వివరంగా రాస్తున్నాను. రెండు వారాల్లో ఒక ఆటగాడి దగ్గర ఎంత బంగారం పోగవుతుంది? నకలు చేసే దారి వెతకాలన్న ఆశ మనిషిలో పుట్టాలంటే ముందు ఆ బంగారానికి విలువ రావాలి. ఆ విలువ రావడానికి వారాలు పడుతుంది.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుని చెప్పవచ్చంటారు. ఇంట్లో గిన్నెకు అది నిజం. మా అమ్మమ్మగారి ఊళ్ళో పెళ్ళిళ్ళకు గాడిపొయ్యి మీద గుండిగ ఎక్కించే వంటవాళ్ళు అలా ఎన్నడూ చేయలేదు. పెద్ద గరిటె దింపి అడుగు నుంచి ఒకసారి, నడుమ నుంచి ఒకసారి, అంచు నుంచి ఒకసారి తీసి చూసేవారు. అడుగున మాడుతున్నప్పుడే పైన పలుకుగా ఉండవచ్చు. వేల మంది ఆడే ఆట కూడా గుండిగ వంటిదే. అందులో ఒక్కో పొర ఒక్కో కాలానికి ఉడుకుతుంది.

బటన్ పని చేయకపోవడం, గోడలోంచి మనిషి దూరిపోవడం వంటి బగ్‌లు, అంటే ప్రోగ్రాములోని తప్పులు, మొదటి రెండు రోజుల్లోనే గుట్టలుగా వచ్చి పడతాయి. జనం భారం వల్ల వచ్చేవి ఒక్క సాయంత్రంలో తెలిసిపోతాయి, కాకపోతే ఆ సాయంత్రం నిజంగా అంత జనం రావాలి. ఇంకో రకం ఉంది, నన్ను నిద్రపోనివ్వనిది అదే. సర్వరు ఏకధాటిగా నడుస్తున్నప్పుడు వాడిన మెమరీని తిరిగి ఇవ్వకుండా కొంచెం కొంచెంగా మింగే బగ్. మొదటి రోజు దాని జాడే ఉండదు. ఐదో రోజుకు ఆట బరువెక్కుతుంది, ఆరో రోజు రాత్రి సర్వరు కూలుతుంది. టెస్టర్లు రోజూ ఇంటికి వెళ్ళేముందు సర్వరు ఆపేస్తుంటే ఆ బగ్ ఎన్నటికీ దొరకదు. చాలా పెద్ద ఆటల్లో వారానికి ఒకసారి సర్వర్లు ఆపి మళ్ళీ మొదలుపెడతారు. మీరు ఎన్ని రోజులకు ఒకసారి ఆపదలచారో దానికి రెట్టింపు కాలం ఆపకుండా నడిపి చూడండి. అందుకే రెండు వారాలు పడుతుంది.

ఇక సంత దగ్గరికి వస్తాను. నేను కళ్ళారా చూసినది ఒకటి చెబుతాను. ఆ కంపెనీ పేరు ఇక్కడ అవసరం లేదు. పన్నెండు రోజుల బీటా, తొమ్మిదో రోజు, రాత్రి పదకొండున్నర. నా పక్క సీటు అమ్మాయి పాత్ర దగ్గర ఒక ఎర్ర డాలు ఉంది. దాన్ని నాకు ఇచ్చే బటన్ నొక్కింది. నేను అంగీకరించాను. అదే క్షణంలో ఆమె తన కంప్యూటరు వెనక నెట్‌వర్క్ వైరు పీకేసింది. పదిదాకా లెక్కపెట్టి మళ్ళీ గుచ్చి, లాగిన్ అయింది. డాలు నా సంచిలో ఉంది. ఆమె సంచిలోనూ ఉంది. ఇద్దరం చాలాసేపు ఆ రెండు ఎర్ర డాళ్ళనూ చూస్తూ ఉండిపోయాం. తర్వాత అదే పని ఇరవై సార్లు చేస్తే ఏడు సార్లు రెండో డాలు పుట్టింది. సర్వరు ఇద్దరి సంచులనూ వేర్వేరు క్షణాల్లో డేటాబేసులో రాస్తోంది. నాది రాశాక, ఆమెది రాయకముందు సంబంధం తెగితే ఆమెకు పాత సంచే తిరిగి వస్తోంది. బ్యాంకులో ఒక ఖాతా నుంచి తగ్గడం, మరో ఖాతాలో పెరగడం రెండూ కలిసి జరగాలి, లేదా రెండూ జరగకూడదు. ఇక్కడ కూడా అలాగే రాయాలి.

ప్రోగ్రామర్లు ఉన్నదున్నట్టు చెప్పారు. సంచులు భద్రపరిచే పద్ధతినే మార్చాలి, రెండు వారాలు పడుతుంది, మళ్ళీ పరీక్షించడానికి మరో రెండు వారాలు. విడుదలకు పంతొమ్మిది రోజులే ఉంది. ప్రకటనలు పత్రికల్లో వచ్చేశాయి. 'విడుదలయ్యాక ప్యాచ్ (దిద్దుబాటు) ఇద్దాం' అన్నారు పైవారు. విడుదలైన మూడో వారంలో సంతలో ధరలు కుప్పకూలాయి. అందరి ఖాతాలనూ నాలుగు రోజులు వెనక్కి తిప్పారు. ఆ నాలుగు రోజుల్లో ఏ తప్పూ చేయకుండా రాత్రింబవళ్ళు ఆడి గెలిచినవారి ఉత్తరాలు చదివి వర్గీకరించే పని నాకే అప్పగించారు. ఒక్కొక్క ఉత్తరం చదువుతుంటే మా నోటుపుస్తకంలో తొమ్మిదో రోజు పేజీ కళ్ళ ముందుకు వచ్చేది. బగ్ దొరికింది, బీటా తన పని తాను చేసింది. దాన్ని దిద్దడానికి రోజులు లేకుండా ముందే తేదీ ఖాయం చేసుకున్నాం.

కాబట్టి తమ్ముడూ, బీటా ఎన్ని రోజులని అడుగుతున్నవారు బీటా ముగిశాక విడుదలకు ఎన్ని రోజులు ఉన్నాయని కూడా అడగాలి. నా లెక్కలో రెండోదే ముఖ్యం. 2010లో ఫైనల్ ఫాంటసీ 14 మొదటిసారి వచ్చినప్పుడు ఓపెన్ బీటా సెప్టెంబరు మొదట్లో తెరిచి, అదే నెల 30న విడుదల చేశారు. మెనూలు నత్తనడక నడుస్తున్నాయని ఆడినవారు అంటూనే ఉన్నారు. నాలుగు వారాల్లో ఏమి మారుతుంది? ఆ డిసెంబరులో నిర్మాతను మార్చి, ఆటను నవోకీ యోషిదా చేతికి ఇచ్చారు. 2012 నవంబరు 11న పాత ఆటను మూసేశారు. కొత్తగా కట్టిన ఆటకు 2013 ఫిబ్రవరి నుంచి ఆగస్టు వరకు నాలుగు దశల్లో బీటా నడిపి, ఆగస్టు 27న విడుదల చేశారు. అప్పుడు కూడా లాగిన్ దగ్గర జనాన్ని తట్టుకోలేక కొన్ని రోజులు డిజిటల్ అమ్మకాలు ఆపవలసి వచ్చింది. అయినా ఆ ఆట బతికింది, ఇవాళ్టికీ ఆడుతున్నారు.

మీ ప్రోగ్రామర్ల ఆరు నెలల మాటకు కూడా ఒక జవాబుంది. పొడవు ఒక్కటే కాపాడదు. డయాబ్లో 3 బీటా 2011 సెప్టెంబరు నుంచి 2012 మే 1 వరకు, ఏడు నెలలకు పైగా నడిచింది. కానీ అందరికీ ఇచ్చినది మొదటి అంకంలో కొంత భాగమే, 13వ స్థాయి దాటడానికి వీలు లేదు. మే 15న విడుదలైన రాత్రి లక్షల మందికి కనిపించినది 'ఎర్రర్ 37' అన్న మాట, అంటే సర్వర్లలో చోటు లేదని. ఆ తర్వాత చివరి కష్టస్థాయి మితిమీరి కఠినంగా ఉందన్న గొడవ, ఆటగాళ్ళు వస్తువులు అమ్ముకునే వేలంశాల గొడవ వచ్చాయి. ఆ వేలంశాలను 2014 మార్చిలో మూసేశారు. ఏడు నెలలూ అంచున ఉన్న మెతుకునే పట్టుకు చూశారు. 2013లో సిమ్‌సిటీ ఇంకా ఘోరం. నగరాలు కట్టే ఆటకు బీటాలో ఒక్కొక్కరికి ఒక గంటే ఇచ్చారు. ఒక గంటలో నగరం ఏపాటి పెరుగుతుంది? మార్చి 5న విడుదలయ్యాక రోజుల తరబడి సర్వర్లలోకి పోలేక జనం అల్లాడారు.

మీ ప్రోగ్రామర్లు 'బాట్లతో (మనిషికి బదులు ఆడే ప్రోగ్రాములతో) పరీక్షించాం' అని కూడా అంటారు. అనాలి, చేయాలి. కానీ బాట్లు మీరు నేర్పిన దారిలోనే నడుస్తాయి. 1997లో వచ్చిన అల్టిమా ఆన్‌లైన్‌లో ఆ ఆట రూపకర్త రిచర్డ్ గారియట్ బృందం అడవికి ఒక జీవావరణం కట్టింది. గడ్డి తినే జంతువులు, వాటిని వేటాడే మృగాలు, అన్నీ ఒకదాని మీద ఒకటి ఆధారపడి తిరుగుతుండేవి. నిజమైన ఆటగాళ్ళు రాగానే కనిపించిన ప్రాణినల్లా చంపేశారు. కొత్తవి పుట్టేలోపే అడవి ఖాళీ. చివరికి ఆ ఏర్పాటునే తీసేయవలసి వచ్చింది. అదే ఆట బీటాలో, ఆగస్టు నెలలో, గారియట్ పాత్ర అయిన రాజు జనం ముందుకు వచ్చినప్పుడు ఒక ఆటగాడు అగ్నిమంత్రం వేసి రాజును చంపాడు. సర్వరు కూలి మళ్ళీ లేచాక, రాజుకు చావు లేకుండా చేసే అమరికను తిరిగి పెట్టడం మరిచిపోయారు. ఏ బాటూ రాజు మీద మంత్రం వేయాలనుకోదు.

ఇప్పుడు మీ లెక్క. సంతతో కలిపి అయితే క్లోజ్డ్ బీటాకు పన్నెండు వారాలు పెట్టుకోండి. మొదట మూడు వందల మందిని, నాలుగో వారానికి రెండు వేల మందిని, ఎనిమిదో వారానికి పది వేల మందిని పిలవండి. నాలుగో వారం చివర, ఎనిమిదో వారం చివర అందరి ఖాతాలూ తుడిచేయండి, ఆ సంగతి మొదటి రోజే చెప్పండి. నా అనుభవంలో పిలిచినవారిలో పదోవంతు మంది కూడా ఒకే సమయానికి రారు. రెండు వేల మందిని పిలిస్తే రెండు వందల మంది, అంటే మీకు మూడు మ్యాచ్‌లు. రోజంతా తెరిచి ఉంచితే ఆ మూడూ నిండవు. అందుకని బుధ, శనివారాల్లో రాత్రి ఎనిమిది నుంచి పది వరకు అని సమయం పెట్టి మ్యాచ్‌లు నడపండి. సంతను మాత్రం ఇరవై నాలుగు గంటలూ తెరిచే ఉంచండి. తొమ్మిదో వారం నుంచి ఆటలో కొత్తది ఏదీ చేర్చవద్దు. ఒక్క తుపాకీ కూడా. ఆ తర్వాత పది రోజుల ఓపెన్ బీటా, దాని తర్వాత దొరికినవి దిద్దడానికి నాలుగు వారాల విరామం. అన్నీ కలిపితే నాలుగు నెలలు దాటుతుంది. ఇప్పుడు జూన్. దసరాకు అందదు, సంక్రాంతికి అందుతుంది.

దసరా కదలదంటే సంతను తీసేయండి. మ్యాచ్ ఒక్కటే అయితే ఆరు వారాల క్లోజ్డ్ బీటా, ఒక వారం ఓపెన్ బీటా, నాలుగు వారాల విరామం సరిపోతాయి. సంతను మరో ఆరు నెలలకు విడిగా పరీక్షించి తీసుకురావచ్చు. బీటాను కోసి ఆటను యథాతథంగా ఉంచే దారి మాత్రం పట్టవద్దని చేతులు జోడించి చెబుతున్నాను. మూడేళ్ళ కష్టం మీది.

ఎవరిని పిలుస్తారో కూడా చూసుకోండి. ఏసీ గదిలో బల్ల మీద వరుసగా పెట్టిన కొత్త ఫోన్లకు ఏమీ తెలియదు. పది వేల రూపాయల ఫోను నలభై నిమిషాల ఆటకు వేడెక్కి తనంతట తాను వేగం తగ్గించుకుంటుంది. రైల్లో ఆడేవారు, వైఫై ఉన్న ఇంట్లోంచి మెట్లు దిగుతూ మొబైల్ డేటాకు మారేవారు, మ్యాచ్ నడుమ అమ్మ దగ్గర నుంచి ఫోను వచ్చేవారు మీ మొదటి మూడు వందల్లోనే ఉండాలి. పుణెలో సూపర్‌గేమింగ్ వారు ఇండస్ అనే మన దేశపు బ్యాటిల్ రాయల్‌ను (అందరూ ఒకచోట దిగి చివరిదాకా నిలిచినవారు గెలిచే ఆటను) 2023లో క్లోజ్డ్ బీటాకు తెచ్చి 2024 అక్టోబరులో విడుదల చేశారు. మన ఫోన్ల మీద, మన నెట్‌వర్కుల మీద మొదటి నుంచి కట్టిన ఆటకు అంత వ్యవధి తీసుకున్నారని మీ పెట్టుబడిదారుకు చెప్పండి. ఫిన్లాండ్ సంస్థ సూపర్‌సెల్ అయితే బ్రాల్ స్టార్స్‌ను 2017 జూన్‌లో కెనడాలో మాత్రమే తెరిచి, ఏడాదిన్నర పాటు మారుస్తూ, నిలువుగా పట్టుకుని ఆడే ఆటను అడ్డంగా ఆడేదిగా కూడా మార్చి, 2018 డిసెంబరులో ప్రపంచానికి ఇచ్చింది. పెద్ద కంపెనీలు రెండు వారాలే ఇస్తాయన్న మాట నిజం కాదు.

ప్రశ్న: మా అబ్బాయికి పంతొమ్మిదేళ్ళు, డిగ్రీ రెండో సంవత్సరం. తాను ఒక ఆటకు 'బీటా టెస్టర్' అని చెప్పి రాత్రి రెండు గంటల దాకా ఆడుతున్నాడు. దానికి మా దగ్గర తీసుకుని రూ. 1,500 కట్టాడు కూడా. ఆ ఆట మూడేళ్ళుగా బీటాలోనే ఉందట. ఇది ఉద్యోగమా, మోసమా? — ఒక తల్లి, కాకినాడ

జవాబు: అమ్మా, ఉద్యోగం కాదు. మోసం అని కూడా వెంటనే అనలేను. పూర్తికాని ఆటను ముందుగా కొనుక్కుని ఆడే పద్ధతి ఒకటి ఉంది, మీ అబ్బాయి చేసినది బహుశా అదే. ఆ డబ్బు ఆట వెల. దాన్ని పరీక్షించే ఉద్యోగానికి రుసుము అనుకోవద్దు. 'టెస్టర్‌గా చేర్చుకుంటాం, నెలకు ఇంత జీతం, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి' అని ఎవరైనా అంటే అది మాత్రం నూటికి నూరుపాళ్ళూ మోసమే. నేను ఆ ఉద్యోగానికి చేరినప్పుడు వాళ్ళే నాకు జీతం ఇచ్చారు, నా దగ్గర ఒక్క రూపాయి తీసుకోలేదు.

మూడేళ్ళ బీటా అన్నది మీకు విడ్డూరంగా తోచడం సహజం. డేజెడ్ అనే ఆట 2013 డిసెంబరులో ఇలా అమ్మకానికి వచ్చి, పూర్తి అయిందని అనిపించుకోవడానికి 2018 డిసెంబరు పట్టింది. స్టార్ సిటిజన్‌కు 2012లో ప్రజల నుంచి డబ్బు సేకరించడం మొదలుపెట్టారు, చాలా ఏళ్ళ తర్వాత కూడా అది బీటాకు ముందు దశ అయిన ఆల్ఫాలోనే ఉంది. ఆటలే కాదు, మనందరం వాడే జీమెయిల్ మీద కూడా 2004 నుంచి 2009 దాకా బీటా అన్న ముద్ర ఉండేది. ఈ పద్ధతి నాకు నచ్చదు. డబ్బు తీసుకున్నాక, ఎప్పుడు ముగుస్తుందో చెప్పని బీటా ఆటగాడిని పరీక్షకుడిగానూ చూడదు, కొనుగోలుదారుగానూ చూడదు. తప్పు దొరికితే 'ఇది బీటా కదా' అంటారు, డబ్బు అడిగితే 'ఆట అమ్మాం కదా' అంటారు.

మీ అబ్బాయితో పోట్లాడకుండా ఒక పని చేయండి. 'నువ్వు ఈ నెలలో రాసి పంపిన బగ్ రిపోర్టు ఒకటి చూపించు నాయనా' అని అడగండి. చూపిస్తే కూర్చుని వినండి, అందులో ఆ పిల్లవాడి శ్రద్ధ మీకు కనిపిస్తుంది. ఆ శ్రద్ధ ఉంటే రేపు ఈ రంగంలో నిజమైన ఉద్యోగం దొరకవచ్చు. చూపించలేకపోతే అతను ఆట ఆడుతున్నాడు, అంతే. అప్పుడు రాత్రి పదకొండుకు ఫోను పక్కన పెట్టించడానికి తల్లిగా మీకున్న అధికారం మీకు ఉంది.

ప్రశ్న: ఒక పెద్ద ఆట క్లోజ్డ్ బీటాలో పది వారాలు ఆడి 40వ స్థాయికి చేరాను. విడుదల రోజు చూస్తే నా పాత్ర లేదు, అంతా తుడిచేశారు. ఆటలో కొన్న వస్తువులు కూడా పోయాయి. ఇది అన్యాయం కాదా? — ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: పాత్ర పోవడం అన్యాయం కాదు తమ్ముడూ. బీటాలో ఎవరో ఒకరు వస్తువులను నకలు చేసుకునే ఉంటారు, ఏదో ఒక వారం అనుభవం పాయింట్లు రెట్టింపు పడే ఉంటాయి. ఆ ఖాతాలను అలాగే ఉంచితే విడుదల రోజు కొత్తగా చేరినవాడు మొదటి అడుగు వేయకముందే ఓడిపోతాడు. పైగా తుడిచేయడం తెలిసిన కంపెనీయే ధైర్యంగా మార్పులు చేయగలదు. ఖాతాలు నిలిచిపోతాయని మాట ఇచ్చిన బీటాలో ఒక కత్తి బలం తగ్గించాలన్నా గొడవే.

డబ్బు సంగతి వేరు. మీరు కట్టిన ప్రతి రూపాయీ మీ ఖాతాకు తిరిగి రావాలి. 2020లో వాలరెంట్ క్లోజ్డ్ బీటా ఏప్రిల్ 7 నుంచి మే 28 వరకు నడిచి, జూన్ 2న ఆట విడుదలైంది. బీటాలో సంపాదించినదంతా తుడిచారు, కానీ డబ్బు పెట్టి కొన్న పాయింట్లను 20 శాతం అదనంగా కలిపి తిరిగి ఇచ్చారు. మీరు కొన్నప్పటి రసీదు ఈమెయిల్‌లో ఉంటుంది. దాన్ని జతచేసి కంపెనీ సహాయ విభాగానికి రాయండి. జవాబు రాకపోతే వినియోగదారుల సహాయవాణి 1915 ఉంది.

ప్రశ్న: నేను ఆడుతున్న ఓపెన్ బీటా ఈ నెల 28తో ముగుస్తుంది. మూడు బగ్‌లు పంపాను, ఒక్కదానికీ స్పందన లేదు. మీకు నకళ్ళు పంపుతున్నాను. ఎక్కడ తప్పు చేశాను? — ఒక విద్యార్థిని, అనంతపురం

జవాబు: అమ్మాయీ, మూడూ చదివాను. మొదటిది 'గేమ్ చాలా సార్లు ఆగిపోతోంది, దయచేసి చూడండి' అని ఉంది. ఆ వాక్యం చదివిన టెస్టర్ ఏమీ చేయలేడు. ఓపెన్ బీటాలో అలాంటివి రోజుకు వేలల్లో వస్తాయి, వాటిని ఒక కుప్పగా వేసి పక్కన పెడతారు. నేనూ పెట్టాను, ఆ రాసినవారి మీద కోపంతో కాదు, చేతిలో పట్టుకోవడానికి అందులో ఏమీ లేక. మూడోది బగ్ కాదు, ఆ తుపాకీ మీకు నచ్చలేదు. దాన్ని అభిప్రాయాల విభాగంలో రాయండి.

రెండోది మాత్రం బంగారం. చెక్క వంతెన కింద నీళ్ళలో ఉండగా స్నేహితురాలు పైనుంచి తాడు వదిలితే మీ పాత్ర వంతెన పలకల మధ్య ఇరుక్కుంది, బయటికి రాలేదు, కానీ మీరు మాత్రం అందరినీ కాల్చగలిగారు, మిమ్మల్ని ఎవరూ కాల్చలేకపోయారు. అవునా? ఇది ఒక్కరికి తెలిస్తే బగ్, వెయ్యి మందికి తెలిస్తే ఆట పాడు. దాన్ని ఇలా తిరగరాయండి: ఏ ఫోను, ఏ ఆండ్రాయిడ్, ఆట మెనూ అడుగున ఉండే బిల్డ్ సంఖ్య (ఆ ఆట ఏ కూర్పో చెప్పే సంఖ్య), ఏ మ్యాప్, ఎన్ని గంటలకు. తర్వాత మీరు చేసిన పనులు వరుసగా, ఒక్కో వాక్యంలో ఒక్కటి. తర్వాత ఏమి జరగాలి, ఏమి జరిగింది. పది సార్లు ప్రయత్నిస్తే ఎన్ని సార్లు జరిగింది. ముప్పై సెకన్ల వీడియో ఉంటే జతచేయండి. స్నేహితురాలు తాడు వదిలినప్పుడు ఆమె కూర్చుని ఉందా, నిలబడి ఉందా అన్నది మీరు రాయలేదు, అది తేల్చుకోండి. ఆ కంపెనీ విడుదల తేదీ వచ్చే నెల 20 అని మీ ఉత్తరంలోనే ఉంది. దిద్దడానికి వారి చేతిలో ఇంకా రోజులున్నాయి, ఈ రాత్రే పంపండి.